ఎర్రరంగు అంటని గీత

ఆ రోజుల్లో చేతిలో కొత్త స్మార్ట్‌ఫోన్ ఉన్నవాడికి భూగోళమంతా జేబులో ఉన్నట్టే ఉండేది. మదనపల్లెలో డిగ్రీ ముగించి, ఏ పనీ దొరక్క, పుంగనూరులో బిరియాని వండే మా మామ దగ్గర చేరిన నాకైతే ఆ గర్వం ఇంకాస్త ఎక్కువ. (ఫోన్ కొనిచ్చింది మామే. ఆ సంగతి నేను ఎక్కడా ఎత్తేవాణ్ణి కాదు.)

అప్పుడే మామకు కుప్పం నుంచి మొదటి పెద్ద ఆర్డరు వచ్చింది. పెళ్లి మర్నాడు మధ్యాహ్నం మాంసం విందు. డేగిసా మూతల చుట్టూ అంటించిన పిండిని పెళ్లివాళ్ల ముందే విప్పాలని మామ పట్టు. వేళకు చేరితే కుప్పంలో పేరు నిలబడుతుంది, చేరకపోతే మళ్లీ ఎవరూ పిలవరు. డేగిసాలు వ్యానులో ఎక్కించుకుని పలమనేరు దాటి వి.కోట దగ్గరికి వచ్చేసరికి టమాటా లారీలు రోడ్డంతా నిలిచిపోయి ఉన్నాయి. ఫోన్‌లో మా దారి ఎర్రగా వాచినట్టు కనిపించింది.

"ఇంకో దారి ఉండాదేమో సూడు అల్లుడా. నాకు ఈ రోడ్డు తప్ప ఏదీ తెల్దు," అన్నాడు మామ, స్టీరింగ్ మీద వేళ్లు ఆడిస్తూ.

చూశాను, ఉంది! కుప్పం వైపు వంకర్లు తిరుగుతూ ఒక సన్నటి గీత. దానిమీద ఎరుపు చుక్క ఒక్కటైనా లేదు. చుట్టూ పచ్చరంగు. "మామిడితోపుల్లో రోడ్డు మామా, ఒక్క బండీ లేదు," అన్నాను.

"గీత యాల తెగి తెగి ఉండాది?"

"గుంతలు మామా," అన్నాను తడుముకోకుండా.

మట్టిదారి పట్టి ఆ గీతను అందుకున్నాం. ఫోన్‌కు కర్ణాటక స్వాగతం చెబుతూ మెసేజి వచ్చింది. కాసేపటికి ఆంధ్ర చెప్పింది. మళ్లీ కర్ణాటక. (ఏమంటాది ఫోను అని మామ అడిగితే, ఆఫర్లు అన్నాను.) చివరికి దారి ఒక లోతైన కందకం ముందు ఆగిపోయింది. రాగిచేనులోంచి ఒకాయన చేతులు ఊపుతూ పరుగెత్తుకొచ్చాడు.

"ఇంజను ఆపప్పా! ఏనుగులు ఆ పొదల్లోనే ఉండాయి!"

ఆపాం. కొమ్మ విరిగిన చప్పుడు. మ్యాపును పెద్దది చేస్తే గీతకు ఈ పక్క ఆంధ్రప్రదేశ్, ఆ పక్క కర్ణాటక అని అక్షరాలు తేలాయి. నేను రోడ్డనుకున్నది రాష్ట్రాల సరిహద్దు, తోపులనుకున్నది అడవి. మామకు చెప్పే ధైర్యం లేక స్క్రీన్ ఆయన ముందు పెట్టాను. ఆయన వెనక్కి పోయి, వాసన బయటికి రాకుండా డేగిసాల మీద తన కండువా పరిచి కూర్చున్నాడు. వెనక్కి తిప్పుదామంటే చప్పుడు భయం, ఉంటే అక్కడ విందు వేళ దాటిపోతోంది. పొదలు సద్దుమణిగి, ఆ రైతు సైగ చేశాకే మామ వ్యాను వెనక్కి తిప్పాడు.

కుప్పం చేరేసరికి వేసిన ఆకులు ఎండిపోయాయి, పిల్లలు ఏడుస్తున్నారు. పెళ్లికొడుకు తండ్రి అందరి ముందూ మామ మీదికి వచ్చాడు. "దారి సూపించింది ఎవురు?"

నేను నోరు తెరిచేలోపే మామ నన్ను వెనక్కి నెట్టాడు. "నేనే అప్పా. అబ్బోడు వద్దనే అన్నాడు, నేనే ఇనలేదు."

బిరియాని తిన్నాక వాళ్ల కోపం దిగింది. కుప్పంవాళ్లు ఇప్పటికీ మామనే పిలుస్తారు. పిలిచినప్పుడల్లా, "దారి తెలుసా అప్పా, వి.కోటకు మనిషిని పంపాల్నా?" అని ఎగతాళి చేస్తారు. ఆయన వాళ్లతో కలిసి హాయిగా నవ్వుతాడు. అప్పటి నా తెలివి తలుచుకుని నేనూ నవ్వుతాను, మామ ముఖం వైపు మాత్రం చూడలేను.