కస్టమర్ సంతకం

మా తమ్ముడు బట్టలుతికే మెషిన్లు బాగుచేస్తాడు. పదహారేళ్ళుగా అదే పని. మెషిన్ చప్పుడు విని జబ్బేమిటో చెప్పేస్తాడు గానీ, ఎదురుగా మనిషి ఏడుస్తున్నా వాడికి తెలియదు. ఈ మాట వాడి మొహం మీదే అన్నాను, కాబట్టి ఇది చాడీ కాదు.

పనయ్యాక వాడు స్లిప్పు రాస్తాడు. ఏం పాడైంది, ఏం చేశాడు, ఇప్పుడెలా ఉంది. కింద కస్టమర్ సంతకం. అది లేకపోతే వాళ్ళ కంపెనీ కంప్లైంట్ క్లోజ్ చేయదు. అందుకే సంతకం పడేదాకా గుమ్మం వదలడు. ఓ ఇంటి పెద్దాయన స్నానానికెళ్తే, ఆయన వచ్చేదాకా ముప్పావుగంట మెట్ల మీద కూర్చున్నాడు.

వాడికి విడాకులయ్యాక పిల్ల తల్లి దగ్గరుంటోంది. ఏడేళ్ళది, ఒక్కచోట నిలవదు, మేం ఉడుత అంటాం. పిల్ల ఎవరి దగ్గరుండాలో అసలు తీర్పు వచ్చేదాకా కోర్టువాళ్ళు తండ్రికి ఆదివారాలు ఇచ్చారు. పొద్దున తీసుకెళ్ళి సాయంత్రం దింపాలి. ఈ మహానుభావుడు పిల్లని దింపుతూ స్లిప్పు ఇవ్వడం మొదలెట్టాడు.

"కుడి మోకాలు గీరుకుంది. కడిగి మందు రాశాను. కుంటడం లేదు. ముందు పన్ను కదులుతోంది, చేయి పెట్టలేదు. రెండుసార్లు అలిగింది, దానంతటదే సర్దుకుంది."

కింద, కస్టమర్ సంతకం.

మా మాజీ మరదలు పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చుంటుంది. వారమంతా జనంతో వేగి ఇంట్లో ఉండే ఒక్క రోజు ఆదివారం. మొదటివారం స్లిప్పు తీసుకుని తలుపేసేసింది. వీడు బెల్లు కొట్టాడు.

"సంతకం అండీ."

"దేనికి?"

"పిల్ల అందినట్టు."

తలుపేసింది. మళ్ళీ కొట్టాడు. ఇలా పంతొమ్మిది ఆదివారాలు. ఒకసారైతే ఇరవై రెండుసార్లు కొట్టాడట, ఆ లెక్క ఆమెదే. కిందింటావిడ పైకొచ్చి, పీడ వదుల్తుంది నేను పెడతానివ్వు బాబూ అందట. వీడు ఒప్పుకోలేదు. కస్టమరే పెట్టాలన్నాడు.

చివరికి ఆమె పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. వేధింపు కేసు. చిన్నదేలే అనుకున్నాను గానీ, లాయరు చెప్పింది వేరు. ఇది రుజువైతే ఆదివారాలు పోతాయి. నెలకోసారి, అదీ ఏదో ఆఫీసు గదిలో, పక్కన ఒకరు కాపలా కూర్చుంటే పిల్లని చూడాలి. వాడికి ఆ పిల్ల తప్ప ఎవరున్నారు? ఇంట్లో కూర్చునే మరదల్ని నోటికొచ్చినట్టు తిట్టిపోశాను. వాడు మాత్రం స్టేషన్లో వాంగ్మూలం రాసుకున్న ఆఫీసరుతో, మీరు కూడా కింద సంతకం పెట్టాలండీ అని చెప్పొచ్చాడు.

రెండు కేసులూ ఒకే జడ్జిగారి ముందుకొచ్చాయి. మా వయసావిడే. లాయరు మావాడికి నోరు మెదపొద్దని పదిసార్లు చెప్పి తీసుకొచ్చాడు. మరదలు ఫైలు తీసింది. పంతొమ్మిది స్లిప్పులూ తేదీలవారీగా, ట్యాగు కట్టి మరీ ఉన్నాయి. జడ్జిగారు పైకే చదవడం మొదలెట్టారు. నాలుగోదానిలో, "జలుబు, ఎడమ ముక్కు మాత్రమే" దగ్గర కర్చీఫు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎనిమిదోది ఇలా ఉంది: "సాయంత్రం ఐదు నుంచి మాట్లాడడం లేదు. దింపే టైముకి ప్రతివారం ఇదే. కారణం దొరకలేదు." అది చదివి కర్చీఫు తీసేశారు.

"ఇందులో తిట్లు లేవు, బెదిరింపులు లేవు. మిమ్మల్ని బాధపెట్టింది ఆ బెల్లేనామ్మా?" అనడిగారు.

"బెల్లే అనుకుని కేసు పెట్టానండీ," అంది మరదలు. "పిల్లకి గోరు విరిగినా రాశాడు. నేను ఎనిమిదేళ్ళు కాపురం చేశాను. నా గురించి ఒక్క ముక్కయినా పట్టించుకున్నాడేమో అడగండి."

లాయరు వాడి మోచేయి పట్టుకున్నాడు. వీడు ఆగితేనా.

"తను ఎప్పుడూ కంప్లైంట్ ఇవ్వలేదండీ."

"ఇచ్చాను," అంది. "రోజూ ఇచ్చాను. నువ్వు ఊళ్ళోవాళ్ళ ఇళ్ళల్లో సంతకాల కోసం కూర్చున్నావు."

మరదల్ని కడిగేద్దామని రెండు నెలలుగా మాటలు దాచుకుని వెళ్ళినదాన్ని, వెనక వరసలోకి జరిగాను. అప్పట్లో నేనూ ఆ ఇంట్లోనే ఉన్నాను. ఆ కంప్లైంట్లు విన్నాను. విని కూడా విననట్టు కుట్టుమిషను తొక్కుకుంటూ కూర్చున్నాను. సిగ్గేసింది.

ఆమె కేసు వెనక్కి తీసుకుంది. ఆదివారాలు ఇకముందూ తండ్రివేనని జడ్జిగారు రాసేశారు. బెల్లు కొట్టకూడదు, స్లిప్పు ఇవ్వకూడదు. బయటికొచ్చి కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. గెలిచినవాడి మొహంలా లేదు వాడి మొహం.

"అక్కా, రోజూ ఏమని కంప్లైంట్ ఇచ్చిందంటావు?"

"నీకు తెలీదూ?"

"నిజంగా తెలీదు."

"నన్నెందుకు అడుగుతావు, వెళ్ళి దాన్నే అడుగు. అదిగో మెట్లు దిగుతోంది."

గబుక్కున లేచాడు. రెండడుగులేసి ఆగిపోయాడు. "అడిగితే అది కూడా వేధింపు కిందికొస్తుందేమో. లాయరుగార్ని ఒక్కమాట కనుక్కునొస్తా," అన్నాడు.

లాయరు కోసం గదిగదీ వెతికి, ఫర్వాలేదు అడగొచ్చు అనిపించుకుని వచ్చేసరికి, ఆమె బస్సెక్కి వెళ్ళిపోయింది.