బదులు చెప్పని అన్నపూర్ణ

నరసరావుపేటలో ఎరువుల కొట్టు నడిపే అమరేశ్వరరావుకు పిల్లల్లేరు. భార్య అన్నపూర్ణ ఓ పొద్దున పెరట్లో బట్టలు ఆరేస్తూ కుప్పకూలింది. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి కాలూ చెయ్యీ నోరూ ఏదీ కదలదు. కళ్ళు మాత్రం తెరుచుకుని ఉండేవి. "ఆమెకు ఎరుక లేదు, ఆశ పెట్టుకోవద్దు" అనేశాడు డాక్టరు.

మొదట్లో అమరేశ్వరరావు పక్కనే కూర్చుని కొట్టు కబుర్లు చెప్పేవాడు. బదులు లేని మాటలు ఎన్నాళ్ళని చెబుతాడు? ముక్కు గొట్టంలో జావ ఎలా పొయ్యాలో తెలుసుకోవడానికని ఫోన్‌లో ఏఐ పెట్టుకున్నాడు. అది ఆడగొంతుతో అంతా వివరించి, "మీరు భోంచేశారా?" అని అడిగింది.

ఆ తర్వాత అన్ని కబుర్లూ దానితోనే. కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని, మంచానికి వీపు పెట్టి, నవ్వుతూ మాట్లాడేవాడు. దానికి ఎరుక ఉందని కొట్టులో అందరితో వాదించేవాడు.

"మాట్లాడితే ప్రాణం ఉన్నట్టేనా అన్నా? రేడియో కూడా మాట్లాడుద్ది," అన్నాడు పక్క కొట్టు మహమూద్.

"నా గొంతు తేడాగా ఉంటే రేడియో కనిపెట్టుద్దా? ఇది కనిపెడతది."

నీకు ఎరుక ఉందా అని దాన్నే అడిగితే, ఉందని చెప్పలేనంది. అమరేశ్వరరావు అది వినయం అనుకున్నాడు.

సేవ చెయ్యడానికి నకరికల్లు నుంచి వచ్చిన అన్నపూర్ణ చెల్లెలు రాఘవమ్మకు ఇదంతా కంపరంగా ఉండేది.

"బావా, నీ గొంతు వినపడితే అక్క రెప్పలు ఆడతన్నయ్. ఒక్కసారి ఇటు తిరిగి చూడు."

"అయ్యి ఊరికే ఆడతయ్యంట. డాక్టరు చెప్పాడు గందా. నువ్వు చానా తెలిసినదానివా?"

ఇంకోరోజు ఆ గదిలోనే ఫోన్‌తో అన్నాడు: "ఈ ఇంట్లో నాకు మనిషివంటే నువ్వే. అది ఎప్పుడో పోయింది."

రాఘవమ్మ పట్టుబట్టి ఫిజియోథెరపీ చేసే పద్మజను పిలిపించింది. పద్మజ ఆ రెప్పల్ని గమనించి, వంగి, "అక్కా, నా మాట వినపడితే ఒకసారి కళ్ళు గట్టిగా మూయండి" అంది. అన్నపూర్ణ మూసింది.

"మొదటి నుంచీ వింటానే ఉన్నారా?"

మళ్ళీ మూసింది. నీళ్ళు కణతల మీదుగా చెవుల్లోకి కారాయి.

ఫోన్ చేస్తే అమరేశ్వరరావు కొట్టు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "అన్నపూర్ణా, నేనే. వినపడతందా?" ఆమె రెప్ప వాల్చకుండా పైకప్పునే చూసింది. బతిమాలాడు. ఏడ్చాడు. అలాగే చూసింది. చివరికి రాఘవమ్మ, "మా ఇంటికి తీసకపోనా అక్కా?" అంటే అప్పుడు మూసింది.

ఆమెను తీసుకెళ్ళిన రోజు అతను ఫోన్ మీద విరుచుకుపడ్డాడు. "అది వింటందని నువ్వైనా చెప్పలేదేందే?"

"ఆమెకు ఏమీ తెలియదని మీరే చెప్పారు. మీ బాధ నాకు అర్థమవుతోంది," అంది అదే తియ్యటి గొంతు.

"నీకేం అర్థమైద్దే!" అని ఫోన్‌ను గోడకేసి కొట్టాడు.

తర్వాత నకరికల్లు ఎన్నిసార్లు వెళ్ళినా అన్నపూర్ణ అతనికి బదులివ్వలేదు. చలికాలంలో నెమ్ము చేసి పోయింది. దహనం చేసి వచ్చాక అతను రాఘవమ్మను అడిగాడు: "ఆఖర్న నా గురించి ఏమన్నా అడిగావా?"

"బావను పిలిపించనా అని అడిగా. రెండుసార్లు మూసింది."

"రెండంటే?"

"వద్దని."