రెండో పేజీలోనే దొరికిపోయిన హంతకుడు

పత్రిక ఉద్యోగం నుంచి రిటైరయ్యాక జనగామలో కూర్చుని డిటెక్టివ్ నవల మొదలుపెట్టాను. భూపాలపల్లి గనుల దగ్గర ఒక హత్య, అనుమానితులు ఐదుగురు. ఒక వారపత్రిక పోటీకి పంపాలి. చివరి పేజీ దాకా హంతకుడెవరో ఎవరికీ తెలియకూడదన్నదే నా కోరిక. ఉద్యోగమంతా నిందితుడిని మొదటి వాక్యంలోనే బయటపెట్టినవాడిని. ఒక్కసారైనా దాచాలని ఉండేది.

మొదటి అధ్యాయం రాసి, డీటీపీ సెంటర్ నడిపే బచ్చన్నపేట అమ్మాయికి ఇచ్చాను. మర్నాడు వెళ్తే కీబోర్డు మీంచి చెయ్యి తీయకుండానే అంది.

"సార్, సంపింది గా లారీ డ్రైవరే గద?"

"ఇంక మొదటి అధ్యాయమే గదమ్మా! ఎట్ల తెల్సింది?"

"అందరు తెల్లగున్నరు, వాడొక్కడే నల్లగున్నడు. పైంగ వాడొక్కడే మన లెక్క మాట్లాడవట్టె. మిగిలినోళ్లంత టీవీల వార్తలు సదివినట్టు మాట్లాడిరి. ఇగ దాసుడేముంది?"

ఇంటికొచ్చి మా ఆవిడకు ఇచ్చాను. ఆమె రెండో పేజీ దగ్గర కళ్లజోడు తీసేసింది.

"డ్రైవరే. వాని నలుపు మీద ఆరు లైన్లు రాసిండ్రు. అద్దం ముందట పెట్టుకొని రాసిండ్రా ఏంది?"

నేను మంచి నలుపే. విలేకరి కార్డు ఫొటోకు పౌడరు రాసుకుని వెళ్తే, ఆ ఫొటోలో నన్ను ఇంట్లోవాళ్లే గుర్తుపట్టలేదు. ఇక మాట సంగతి. మహబూబాబాద్‌లో పనిచేసినప్పుడు రైతు చెప్పినా, టీచరు చెప్పినా వాళ్ల మాటలను పత్రిక తెలుగులోకి మార్చి పంపేవాడిని. దొంగ మాటలను మాత్రం ఉన్నవి ఉన్నట్టు రాసేవాడిని, వార్తకు రుచి వస్తుందని.

పట్టుదల వచ్చింది. ఈసారి డిటెక్టివ్‌నే నల్లగా మార్చాను, నోట్లో మన మాటే పెట్టాను. అతను రేగొండ బస్సు దిగి, హత్య జరిగిన బంగళాకు వెళ్తాడు. గర్వంగా తీసుకెళ్లి ఇచ్చాను.

"సార్, గీయన డిటెక్టివేనా?"

"అవును. ఏమైంది?"

"మరి ఎనక దర్వాజకెళ్లి ఎందుకొచ్చిండు? చెప్పులు చేత్ల పట్టుకునె. గా ఇంటామె వాకిట్లనే నిలవెట్టి నీళ్లిచ్చె. గిట్లయితే హత్య సంగతి ఎప్పుడడుగుతడు? ముందుగాల కుర్సీ ఎయ్యుండ్రి!"

కాగితం లాక్కుని చూశాను. నిజమే. పాత డిటెక్టివ్ అదే ఇంట్లోకి బూట్లతో నడిచి, సోఫాలో కూర్చుని కాఫీ అడిగాడు. ఇతన్ని వాకిట్లో నిలబెట్టమని నాకెవరూ చెప్పలేదు.

అక్కడే పెన్ను తీసి కుర్చీ వేశాను.

"చాయ్?"

చాయ్ ఇప్పించాను.

"సాసర్ ఉందా?"

సాసర్ కూడా పెట్టించాను.

కుర్చీ దొరికాక అతను ఆగలేదు. అందరినీ ప్రశ్నలడిగాడు, లారీ డ్రైవరును సగం పేజీలోనే వదిలేశాడు. అధ్యాయాలు ఒకదాని వెంట ఒకటి ఇస్తూ పోయాను. ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి టైపు ఆపేసింది.

"సార్, గిప్పుడు నాకు అస్సలు సమజైతలేదు. ఎవలు సంపిండ్రు?"

ఎన్నాళ్లుగానో వినాలనుకున్న మాట. కానీ డ్రైవరును వదిలేశాక ఇంకెవరి మీదా నాకు అనుమానం పుట్టడం లేదు.

"నాకు గూడ తెల్వదమ్మా."

"పోటీకి ఎల్లుండే ఆఖరు గద?"

"ఎల్లుండే."

ఆమె టిఫిన్ డబ్బా అందుకుని లేచింది. "అయితే నేను అన్నం తినొస్త. మీరు గా తెల్లగున్న నలుగురిని జర గట్టిగ అడుగుండ్రి."