అర్థం కాని బావగారు

భౌతికశాస్త్రంలో ప్రపంచంలోకెల్లా పెద్ద బహుమతి అందుకున్న మా బావగారికి ఒకటే జబ్బు. ఎవరేం చెప్పినా "అర్థం కాలేదండీ, ఇంకోసారి చెప్పండి" అంటారు. మా అక్కయ్య మాట మాత్రం మొదటిసారికే అర్థమైపోతుంది. అది వేరే శాస్త్రం.

బహుమతి ప్రకటించిన రోజు ఇంటినిండా విలేకరులు. ఇప్పుడు మీకెలా అనిపిస్తోందని ఒకతను అడిగాడు. బావగారు కాసేపు ఆలోచించి, ప్రశ్న అర్థం కాలేదన్నారు. అతను రెండోసారి అడిగాడు. మూడోసారి అడగబోయి, తనకూ అర్థం కావడం లేదని ఒప్పుకున్నాడు. మర్నాడు పత్రికలన్నీ ఆ ముచ్చటే అచ్చేశాయి.

ఇక ఊళ్ళో ఆయనకు సినిమావాళ్ళకు లేని పేరు. మంగలి షాపులో అద్దం పక్కన ఫొటో వెలిసింది. దర్జీ అయితే ఆ సంబరంలో కొలతలు తీసుకోవడం మరిచిపోయి సంతకం తీసుకున్నాడు. ఆ చొక్కా చేతులు మోచేతులు దాటి రాలేదు.

చిక్కంతా ఆయన పనిచేసే సంస్థలోనే వచ్చింది. అక్కడి ప్రయోగశాలలో పరికరాలు బాగుచేసేది నేనే. వారంవారం విద్యార్థులకూ శాస్త్రవేత్తలకూ కలిపి జరిగే ఉపన్యాసంలో బావగారు ముందు వరుసలో కూర్చుని, ఎంత తేలిక విషయానికైనా లేచి అర్థం కాలేదనేవారు. బహుమతి వచ్చాక బుర్ర అరిగిపోయిందని గుసగుసలు మొదలయ్యాయి. చివరికి డైరెక్టరుగారు నన్ను పిలిచి, సంస్థ పరువు పోతోంది, ఆయన్ని కాస్త ఊరుకోమని చెప్పమన్నారు. అక్కయ్యతో చెప్పించాను. ఇక నోరెత్తనని బావగారు మాటిచ్చారు.

ఆ వారం కొత్తగా చేరిన లెక్చరరమ్మ ఏదో సూత్రం గురించి మాట్లాడింది. బెదురో ఏమో, రైలుబండిలా పరిగెత్తించింది. కాపలాకి నేను పక్కనే ఉండగా, బావగారు బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి వెనక్కి తిరిగి చూశారు. నేనూ చూశాను. చివరి వరుసలో ఒక అమ్మాయి రాయడం ఆపేసి పక్కవాళ్ళ నోటుబుక్కులోకి తొంగిచూస్తోంది. అక్కడా సగం పేజీ ఖాళీయే.

బావగారు చీమల పుట్టమీద కూర్చున్నట్టు మెదిలారు. ఇక ఆగలేక లేచారు.

"అర్థం కాలేదమ్మా, ఇంకోసారి చెప్తావా?"

ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. ఆమె బోర్డు తుడిచి మొదట్నుంచీ నిదానంగా చెప్పింది. వెనక వరుసల్లో పెన్నులు కదిలాయి.

బయటికి రాగానే పట్టుకున్నాను. "నిజం చెప్పండి బావా, అర్థం కాలేదా?"

"ఆ సూత్రం కనిపెట్టింది నేనేరా."

"మరి నలుగురిలో పరువు తీసుకోవడం దేనికి?"

"ఆ పిల్లల్ని చూసి నవ్వారనుకో, జన్మలో మళ్ళీ అడగరు. నన్ను చూసి నవ్వితే ఏం పోయింది? వచ్చిన పేరు ఎలాగూ మోయలేకుండా ఉన్నాను, కాస్త తగ్గితే తేలిక."

వెళ్ళి డైరెక్టరుగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకుని, నాలుగేళ్ళుగా ఆ ఉపన్యాసాల్లో తాను ఊరికే తలూపుతున్నానని మెల్లిగా అన్నారు.

పైవారం కూడా ఆ లెక్చరరమ్మదే ఉపన్యాసం. సగంలో నా పక్కనున్న బావగారు లేవబోతున్నారు. ఇంతలో వెనకనుంచి ఆ అమ్మాయి గొంతు, సన్నగా.

"మేడమ్, నాకు అర్థం కాలేదండీ."

ఎవరూ నవ్వలేదు. సగం లేచిన బావగారు మళ్ళీ కూర్చుని, మొహం చాటంత చేసుకుని నా చెవిలో అన్నారు.

"నా ఉద్యోగం ఊడిందిరా."