తలకిందుల పరీక్ష

కొత్త జిల్లా ఏర్పడిన మరుసటి సంవత్సరం జూన్ నెలలో నన్ను అమలాపురంలోని తోలు వస్తువుల తయారీ యూనిట్‌కు సాంకేతిక పర్యవేక్షకుడిగా వేశారు. అప్పటికి నా సర్వీసు ముప్పై మూడేళ్లు. పదవీ విరమణకు పద్నాలుగు నెలలు మిగిలి ఉంది. ఆ వయసులో బదిలీ వచ్చిందంటే మా శాఖలో రెండే కారణాలుంటాయి. ఆ మనిషి మీద పైవాళ్లకు గొప్ప నమ్మకమైనా ఉండాలి, ఆ యూనిట్ మీద బొత్తిగా నమ్మకం లేకపోనైనా పోవాలి. నేను మొదటిదే అనుకుని బస్సెక్కాను.

యూనిట్ అంటే ముమ్మిడివరం రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు. షెడ్డు కన్నా దాని బోర్డు పెద్దది. లోపల నలుగురు పనివాళ్లు, ఒక కుట్టుయంత్రం. బట్టలు కుట్టే మిషను గుడ్డను కింద నుంచి మాత్రమే లాగుతుంది. దాంతో మందపాటి తోలు కుడితే కింది పొర ముందుకు పోతుంది, పై పొర ఉన్నచోటే ఉంటుంది. ఈ యంత్రంలో తోలును అదిమిపట్టే పాదమూ, సూదీ కూడా తోలుతో పాటే అడుగు వేస్తాయి. పొరలు కదలవు. ఖరీదైన యంత్రం కాబట్టి దాన్ని ప్రయోగాత్మకంగా మాత్రమే ఇచ్చారు. ఆరు నెలల్లో నికరమైన ఆర్డరు రాకపోతే యంత్రం వెనక్కి పోతుంది, యంత్రంతో పాటు ఆపరేటరు ఉద్యోగమూ పోతుంది. నేను చేరేనాటికి నాలుగు నెలలు గడిచిపోయాయి.

ఆ ఆపరేటరు రత్నకుమారి. కొత్తపేట దగ్గర పలివెల వాళ్లు. తమిళనాడులో ఒక బూట్ల ఫ్యాక్టరీలో పదకొండేళ్లు పైభాగాలు కుట్టింది. అత్తగారికి పక్షవాతం వస్తే తిరిగి వచ్చేసింది. భర్త లేడు. అత్తగారి మందులూ, కూతురి ఇంటర్ చదువూ ఈ జీతం మీదే. ఆమె ఎక్కువ మాట్లాడదు, మాట్లాడితే యంత్రం గురించే మాట్లాడుతుంది. చేరిన రోజే నాకు ఒక సంగతి అర్థమైంది. ఆ షెడ్డులో నన్ను చూసి లేచి నిలబడినవాళ్లు ముగ్గురు. ఆమె కుట్టు పూర్తిచేసి లేచింది.

తోలు కోతా, చివరి మెరుగూ దావీదు గారి పని. అరవై దాటిన మనిషి. కొడుకు కాలేజీలో లెక్చరరు. తండ్రి ఈ పని మానేస్తే బాగుండునని కొడుక్కి, కొడుకు గట్టిగా పాఠం చెప్పడం ఎప్పుడు నేర్చుకుంటాడోనని తండ్రికి. ఇద్దరి కోరికా తీరలేదు.

నేను చేరిన రెండో వారంలో అదృష్టం తలుపు తట్టింది. బ్యాంకుల నగదు వ్యాన్లకు సాయుధ కాపలాదారులను పంపే ఒక ప్రైవేటు కంపెనీ నలభై హోల్‌స్టర్లు, అంటే నడుముకు కట్టుకునే రివాల్వర్ ఒరలు, నమూనాగా చేసిచ్చి చూడమంది. అవి నెగ్గితే ఏడాది పొడవునా ఆర్డరు. కాగితం మీద ‘చేతితో తయారైనవి, కుట్టు యంత్రానిది’ అని ఉంది. చేత్తో కుడితే ఒక్కో ఒరకు రెండు గంటలు పడుతుంది, యంత్రానికి నాలుగు నిమిషాలు చాలు. వాళ్లకు చేతి పని గౌరవమూ కావాలి, యంత్రం వేగమూ కావాలి. ఈ సంగతి చెబితే దావీదు గారు కాసేపు ఆలోచించి, “అయితే వంట మనదీ, వడ్డన మిషనుదీ అన్నమాటండి” అన్నారు. పై అధికారులకు నేను రాసిన రెండు పేజీల నివేదికలో ఇంతకు మించి ఏమీ లేదు.

పని క్రమం ఇదీ. తోలు కోసి, అంచులు పలచజేసి, సొల్యూషన్ రాసి అతికిస్తారు. తర్వాత కుట్టు, అంగుళానికి సరిగ్గా ఆరు. గుడ్డ మీద తప్పు కుట్టు పడితే విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు. తోలులో సూది దిగిన చోట రంధ్రం శాశ్వతంగా ఉండిపోతుంది. ఆ పక్కనే రెండోసారి కుడితే పోస్టల్ స్టాంపులా చిరుగుతుంది. అందుకే రత్నకుమారి మొదటి మూడు కుట్లూ చివరి మూడు కుట్లూ మోటారు ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పి వేసేది. కుట్టు అయ్యాక అంచుల్ని ఎమెరీ కాగితంతో సాపుచేసి, తడిపి, కొయ్యతో నిగ్గుతేలే దాకా రుద్దుతారు. ఆపైన ఒరను గోరువెచ్చని నీటిలో తడిపి, అసలు రివాల్వరంత బరువున్న డమ్మీని లోపల దూర్చి, వేళ్లతో నొక్కి దాని ఆకారం తెప్పిస్తారు. నీడలో ఆరితే తోలు గట్టిపడి ఆయుధాన్ని పట్టి ఉంచుతుంది. ఆఖరున తేనెమైనం పలుచగా రాస్తారు. ఒరకు అందం తర్వాత సంగతి, పట్టు ముందు. ఆ పట్టుకు శత్రువు నూనె. నూనె తాగిన తోలు మెత్తబడిపోతుంది.

ఈ ఆఖరి ముక్క నేను శిక్షణ తరగతుల్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అమలాపురంలో మాత్రం చెప్పలేదు. తెలిసే ఉంటుందిలే అనుకున్నాను.

నలభై ఒరలూ తయారయ్యాయి. తనిఖీకి ఇంకా నాలుగు రోజులుంది. నేను రెండు రోజుల సమీక్షా సమావేశానికి విజయవాడ వెళ్లాను. ఆ రెండు రోజులూ కోనసీమలో వాన తెరిపివ్వలేదు. తిరిగి వచ్చేసరికి ఒరలు అద్దాల్లా మెరుస్తున్నాయి. నేను మురిసిపోయి రిజిస్టరులో ‘ఫినిషింగ్ ప్రశంసనీయం’ అని రాసి సంతకం చేశాను. కొబ్బరి నూనె వాసన వచ్చింది, కాదనను. కోనసీమలో ఆ వాసన రాకపోతే అనుమానించాలి గానీ, వస్తే ఎవరు అనుమానిస్తారు?

తనిఖీకి ముందురోజు ఒకదాన్ని చేత్తో నొక్కి చూశాను. చెవి తమ్మెలా వంగింది. దావీదు గారిని అడిగాను. “బూజు పట్టేసిందండి, తెల్లగా. మీరేమో ఊళ్లో లేరాయె. కొబ్బరి నూనె వెచ్చజేసి రెండు పూతలు పట్టించేనండి. మా నాన్నగారి కాలం నుంచీ చెప్పులకీ, బెల్టులకీ అదే కదండీ” అన్నారు. నాకు ఒళ్లు మండింది. కానీ ఆయన మీద అరవడానికి నాకు నోరు లేదు. ఆయనకు చెప్పాల్సిన మాట చెప్పనిది నేను. చూసి మెచ్చుకుని సంతకం పెట్టిందీ నేనే.

మా పనిలో తలకిందుల పరీక్ష అని ఒకటుంది. ఒరలో డమ్మీ పెట్టి, పైపట్టీ బొత్తం తీసేసి, తలకిందులు చేసి మూడుసార్లు విదిలించాలి. డమ్మీ జారకూడదు. ఆ రోజు అన్నిటినీ విదిలించి చూశాం. నిలిచినవి నాలుగు. రత్నకుమారి యంత్రం దగ్గర కూర్చునే అంతా చూసింది. కంపెనీ వాళ్ల తనిఖీ ఫారంలో ఏడు అంశాలున్నాయి: కొలతలు, కుట్లు, అంచు, రంగు, మెరుపు, బొత్తం, లేబులు. తలకిందుల పరీక్ష మా లోపలి ఆచారం, వాళ్ల ఫారంలో లేదు. ఈ విషయం ఆమెకు వినపడేలా రెండుసార్లు చెప్పి, ఆఖరికి “రేపు చూద్దాం” అన్నాను. ప్రభుత్వోద్యోగి ‘చూద్దాం’ అంటే చూడబోవడం లేదని అర్థం.

మర్నాడు వచ్చిన తనిఖీ అధికారి మర్యాదస్తుడు. రాజమండ్రిలో రైలు అందుకోవాలట. స్కేలు పెట్టి కుట్లు లెక్కించాడు. అంగుళానికి ఆరు, ఎక్కడా తేడా లేదు. ఇంత నిలకడైన కుట్టు ఈ మధ్య చూడలేదన్నాడు. మెరుపు దగ్గరికి వచ్చేసరికి ఆయన మొహమూ మెరిసింది. ఏడు గడుల్లోనూ టిక్కులు పడ్డాయి. ఆయన కలం మూత తీసి సంతకానికి వంగాడు. నేను కిటికీలోంచి వాన చూస్తున్నాను.

రత్నకుమారి లేచి వచ్చింది. బల్ల మీది ఒకదాన్ని తీసుకుంది, డమ్మీ లోపల పెట్టింది, బొత్తం తీసి తలకిందులు చేసింది. మూడుసార్లు విదిలించే పనే లేకపోయింది. డమ్మీ వచ్చి ‘ప్రశంసనీయం’ అని నేను రాసిన రిజిస్టరు మీద పడింది.

“ఇలా పడతాయండి, నాలుగు తప్పించి అన్నీని” అంది.

ఇది ఫారంలో లేదు కదమ్మా అన్నాడాయన, కొంచెం బెంబేలుపడి.

“ఆయ్, లేదండి. కానీ రేపు రోడ్డు మీద తుపాకీ జారి పడితే ఎవరూ నూనె పేరు చెప్పరండి. కుట్టు ఊడిపోయిందనే అంటారు. నా కుట్టు ఊడదండి.”

కోపంగా అనలేదు. దారం రంగు చెప్పినట్టు చెప్పింది. యంత్రం పోతే ముందు వీధిన పడేది ఆమేనని ఆ గదిలో అందరికన్నా ఆమెకే బాగా తెలుసు. అధికారి నా వైపు చూశాడు. గుమ్మడికాయల దొంగ అనకముందే నేను భుజాలు తడుముకుంటున్నాను. మీకు ముందే తెలుసా అని అడిగాడు. నిన్ననే తెలిసిందని చెప్పాను. ఆ వ్యవహారం మొత్తంలో నేను ఆడిన ఒకే ఒక్క నిజం అది. అదీ అడిగితే. ముప్పై మూడేళ్ల సర్వీసులో అంత సిగ్గు నేను ఎరగను.

ఆయన ఫారం చింపలేదు. ఏడు టిక్కులనూ వరసగా కొట్టేసి, పన్నెండు రోజులు గడువు రాసిచ్చి, రైలు తప్పిపోయిందని ఎవరినీ ఏమీ అనకుండా వెళ్లాడు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కాం కాబట్టి కడగాల్సి వచ్చింది. తోలు తాగిన నూనెను మళ్లీ బయటికి లాగడం నా పాఠాల్లో లేదు. దావీదు గారి దగ్గర ఉంది. రైసు మిల్లుల్లో ఇంజను నూనె ఒలికితే ఊక బూడిద చల్లుతారు, అది నూనెను పీల్చేస్తుంది. ఆయన తానే మండపేట వెళ్లి, తెలిసిన మిల్లులో ఆరు బస్తాల బూడిద అడిగి ఆటోలో వేసుకొచ్చారు. వెచ్చజేసిన బూడిదలో ఒరల్ని పాతిపెట్టి, రోజూ బూడిద మార్చి, అయిదో రోజున తీశాం. మళ్లీ తడిపి, ఆకారం తెప్పించి, గది తలుపులు మూసి ఫ్యాన్ల కింద ఆరబెట్టాం. దావీదు గారు ఆ అయిదు రోజులూ తలకు కూడా నూనె రాయలేదు. పట్టు పోయిన ముప్పై ఆరింటిలో ముప్పైకి అది తిరిగొచ్చింది, ఆరింటికి రాలేదు. ఆ ఆరింటినీ కొత్త తోలుతో చేశాం. రెండుసార్లు నానినా, రెండుసార్లు నలిగినా పాతవాటిలో ఒక్క కుట్టూ కదల్లేదు.

రెండో తనిఖీలో ఆ అధికారే వచ్చి, ఈసారి ఫారం తెరవకుండా నలభైనీ తనే తలకిందులు చేశాడు. ఒక్క డమ్మీ కూడా జారలేదు. నెల తిరక్కుండా ఏడాది ఆర్డరు వచ్చింది. యంత్రం అమలాపురంలోనే ఉండిపోయింది.

ఆర్డరుతో పాటు సవరించిన తనిఖీ ఫారమూ వచ్చింది. అందులో ఎనిమిదో గడి కొత్తది: తలకిందుల పరీక్ష, యూనిట్ పర్యవేక్షకుని సూచన మేరకు. దాన్ని చూసి మా కేంద్ర కార్యాలయం నాకు ప్రశంసాపత్రం పంపింది. నా సర్వీసులో అదొక్కటే. ఆ సూచన నాది కాదు, ఆపరేటరుది అని తిరిగి రాశాను. ఆపరేటరు హోదాలో ఉన్నవారికి ప్రశంసాపత్రం ఇచ్చే నిబంధన లేదని, నా వినయాన్ని కూడా గమనించడమైనదని జవాబు వచ్చింది.

రెండు ఉత్తరాలూ రత్నకుమారికి చదివి వినిపించాను. యంత్రం మీద మోచెయ్యి ఆన్చి, క్షమాపణ లాంటిదేదో చెప్పబోయాను. ఆమె అంతా విని, “మిషను ఇక్కడే ఉంటాదాండి?” అని అడిగింది. ఉంటుందన్నాను. “ఆయ్, అయితే సరేనండి. మోచెయ్యి కొంచెం తీస్తారా, దారం నలుగుతోందండి” అంది.

తీశాను.

తనిఖీ గురించి ముప్పై మూడేళ్లలో నేను నేర్చుకోనిది ఆ పద్నాలుగు నెలల్లో నేర్చుకున్నాను. ఫారంలో ఉండేది, రేపు అధికారిని ఎవరైనా ఏం అడుగుతారో అది. వస్తువుకు ఏం జరుగుతుందో చూడాలంటే, అది చెడిననాడు నింద ఎవరి మీద పడుతుందో ఆ మనిషిని ముందు అడగాలి. ఆ మనిషి పేరు ఫారంలో ఎక్కడా ఉండదు. నా ప్రశంసాపత్రం ఇంట్లో ఫైల్లో ఉంది. కిందటి వానాకాలం దానికీ బూజు పట్టింది. నేను తుడవలేదు.