ఆవిడ బ్లాగులో నా వ్యాసం

నా కథల పుస్తకం అచ్చయి ఇంటికి వచ్చినప్పుడు ఆ అట్టపెట్టెలు ఎక్కడ పెట్టాలో తోచక మంచం కిందికి తోశాం. తొండుపల్లి చుట్టుపక్కల రైతు ఇళ్ల ఆడవాళ్ల కథలవి. పొలాలు విమానాశ్రయం కిందికి పోయాక అందులోనే ఊడ్చే పనికి కుదిరినవాళ్లు, మిగిలిన నేల చెక్కలో కూరగాయలు వేసుకుని శంషాబాద్ అంగట్లో అమ్ముకునేవాళ్లు. రాస్తున్నంతకాలం అందరూ చదువుతారనే అనుకున్నాను. తీరా అచ్చయ్యాక మా చుట్టాలే అట్ట తిప్పి చూసి, మంచిగుందని చెప్పి పక్కన పెట్టారు.

పుస్తకం వేసినాయన ఫోనులో ఒక ఉపాయం చెప్పాడు.

"మీ పుస్తకం గురించి మీరే చెప్పుకుంటే ఎవరూ వినరు మేడమ్. నలుగురూ చదివే బ్లాగు చూసుకుని అతిథిగా ఒక వ్యాసం రాసివ్వండి. చివర్న మీ పుస్తకం పేరు, మీ మెయిల్ వేస్తారు. నచ్చినవాళ్లు అక్కడినుంచి మీ దగ్గరికి వస్తారు."

మా ఆయన విమానాశ్రయంలో సరుకులు దించేచోట పనిచేస్తారు. డ్యూటీ నుంచి వచ్చి అన్నం తింటూ ఈ సంగతి విని నవ్వారు. "గిదేందే, మన పుస్తకం అమ్ముకోనీకి వేరేటోళ్ల ఇంట్ల పోయి రాయాల్నా?"

బ్లాగులు నడిపే చాలామందికి రాశాను. కొందరు జవాబే ఇవ్వలేదు. జవాబిచ్చినవాళ్లలో ఒకరు బరువు తగ్గడం మీద రాసివ్వమన్నారు. ఇక మానేద్దామనుకుంటుండగా మిద్దె తోటల బ్లాగు నడిపే ఒక రిటైర్డ్ టీచరు గారి నుంచి రాసి పంపమని మెయిల్ వచ్చింది. ఆవిడది గోదావరి పక్కన ఊరు. డాబా మీద కుండీల్లో కూరగాయలు పండిస్తూ, ఆ ముచ్చట్లు రాసేవారు. తెలుగువాళ్లున్న ప్రతిచోటా ఆవిడకు పాఠకులున్నారు. నేను పంపిన వ్యాసం చదివి ఆవిడే ఫోన్ చేశారు.

"పుస్తకం గొప్పదని నువ్వే చెప్పకమ్మాయ్. అదంతా తీసెయ్. మీ అమ్మ చిక్కుడు గింజల్ని బూడిదలో కలిపి దాచేదని ఒక్క వాక్యం రాశావు చూడు, అది చెప్పు. గింజల సంగతి బాగుంటే పుస్తకమూ బాగుంటుందనుకుంటారు."

ఆవిడ చెప్పినట్టే మళ్లీ రాశాను. భూమి అప్పగించే రోజున మా అమ్మ ఇంట్లోంచి ముందుగా గింజల కుండను బయటికి తెచ్చి చంకలో పెట్టుకుని నిలబడడం, మా బాపు "బిందెలు వదిలి కుండ పట్టుకున్నవేందే" అని కసురుకోవడం. వ్యాసం వచ్చిన రోజు నుంచి కింద అభిప్రాయాలు కనబడసాగాయి. ఎవరు ఏం రాసినా ఆవిడ చదివి, సరేనని నొక్కితేనే అక్కడ కనిపిస్తుంది. ప్రతిదానికీ ఆవిడే జవాబు కూడా రాసేవారు. పుస్తకం కావాలని నాకు మెయిళ్లు మొదలయ్యాయి. మంచం కింద మొదటి పెట్టె తెరిచాం.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఆవిడ మళ్లీ ఫోన్ చేశారు. వైద్యానికి తమ్ముడితో బెంగళూరు వెళ్తున్నారట. మా దగ్గర విమానం మారాలి, మధ్యలో కొంచెం తీరిక ఉంటుంది, రాగలవా అని అడిగారు. అంత దగ్గర్లో ఉండి వెళ్లకుండా ఎలా ఉంటాను? ప్రయాణికులు బయటికి వచ్చేచోట రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను. చక్రాల కుర్చీలో ఎవరినో తోసుకొస్తుంటే పక్కకు జరిగి దారి ఇచ్చాను. బ్లాగు ఫొటోలో ఆవిడ గుమ్మడికాయ ఎత్తి పట్టుకుని నవ్వుతున్న మనిషి. కుర్చీలో ఉన్నది ఆవిడేనని, నన్ను పేరు పెట్టి పిలిచేదాకా నాకు తెలియలేదు.

"భయపడ్డావా అమ్మాయ్?" అన్నారు.

"లేదమ్మా. జర సన్నగయిన్రు, గంతే," అన్నాను. ఆవిడ తమ్ముడు అటు తిరిగి సంచులు సర్దుకున్నాడు.

చాయ్ తెచ్చిచ్చాను. ఒక గుక్క తాగి కప్పు నా చేతికే ఇచ్చారు. ఏం జబ్బని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. మా అమ్మ గురించి, ఇప్పుడు మాకు ఏమాత్రం నేల మిగిలిందన్న దాని గురించి అడిగారు. వెళ్లే వేళకు నా చెయ్యి పట్టుకున్నారు. "తిరిగొచ్చాకే కొత్తది రాస్తాను. అప్పటిదాకా నీ వ్యాసమే పైన ఉంటుంది. నీకూ మంచిదేగా, పుస్తకం నలుగురి కళ్లలో పడుతుంది."

సంతోషపడ్డాననే చెప్పాలి.

తర్వాత ఆవిడ దగ్గర్నుంచి ఏ కబురూ లేదు. ఫోను మోగేది, ఎత్తేవారు కాదు. బ్లాగు తెరిస్తే నా వ్యాసం, కింద నా పుస్తకం బొమ్మ, నా మెయిల్. కొత్త అభిప్రాయం ఒక్కటీ లేదు. అక్కడ రాసినవి కనబడక జనం నాకు రాయడం మొదలుపెట్టారు. పుస్తకం కోసం కాదు. "టీచరు గారు కులాసానా? ఊళ్లో లేరా?" అని. నాకు తెలియదని రాసేదాన్ని. చక్రాల కుర్చీ సంగతి చెప్పే హక్కు నాకెక్కడిది?

ఒకనాడు పొద్దున ఆవిడ నంబరు నుంచే ఫోన్ వచ్చింది. అమ్మా అని ఎత్తాను. ఆవిడ తమ్ముడు.

"అక్కయ్య పోయిందండీ. పెద్దకర్మ కూడా అయిపోయింది. ఆ బ్లాగులో ఒక మాట వేస్తారని చేశాను."

"నేనెట్ల వేస్తనండీ? అది అమ్మదే కదా."

"పైన మీ పేరే కనబడుతోంది. మీరే చూసుకుంటున్నారనుకున్నాం."

"నేను రాసిచ్చిన, గంతే. తాళం నా దగ్గర లేదండీ."

పాస్‌వర్డ్ ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చివరికి ఆయన, "అక్కయ్య పోయాక కూడా తన బ్లాగు మీద పుస్తకం అమ్మకం బాగోదండీ, అది తీసేయడానికి ఏదైనా చూడండి," అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

కంప్యూటర్ తెలిసినవాళ్లను అడిగాను. ఆ బ్లాగుకు చోటిచ్చిన కంపెనీకి ఆవిడ తమ్ముడి చేతా రాయించాను. యంత్రం రాసినట్టున్న జవాబు ఒకటి వచ్చింది, ఆపైన ఏమీ లేదు. ఇక నాకు చేతనైంది ఒక్కటే కనిపించింది. నా వ్యాసం కిందే అభిప్రాయం రాసేచోట, టీచరు గారు ఇక లేరు, ఈ మాట వారి కుటుంబం తరఫున రాస్తున్నాను అని రాసి పంపాను. "మీ అభిప్రాయం బ్లాగు యజమాని అనుమతి కోసం వేచి ఉంది" అని వచ్చింది. ఆ వాక్యం చదివి ఫోను బోర్లా పెట్టేశాను. మా ఆయన ఏమైందని అడిగితే చూపించాను. ఆయన చదివి, "ఇగ ఏం జేస్తవ్," అని మాత్రం అన్నారు.

అడిగినవాళ్లకు ఒక్కొక్కరికీ నేనే రాయడం మొదలుపెట్టాను. ఏడ్చినవాళ్లున్నారు. ఆవిడ గుర్తుగా మీ పుస్తకం పంపండన్నవాళ్లున్నారు. పెట్టెలు ఖాళీ అవుతున్నాయి. ఏ పుస్తకాలు పోవాలని అంత తిరిగానో, అవి పోతుంటే అడ్రసు రాయడం రేపటికి, ఎల్లుండికి నెట్టేదాన్ని.

ఆ రోజుల్లోనే మైలార్‌దేవ్‌పల్లి నుంచి ఒక పెద్దామె వచ్చింది. పుస్తకానికి తనే వస్తానని రాసి అడ్రసు అడిగితే ఇచ్చాను. కవరు నిండా బీరకాయలు తెచ్చి గడపలోనే నా చేతిలో పెట్టింది.

"మా మిద్దె మీద కాసినయి బిడ్డా. టీచరమ్మ చెప్పినట్ల పందిరి వేసిన. నువ్వు ఆమెకు ఎరికున్నదానివి గదా, మంచిగ కాసినయని చెప్పు. ఏంది, ఈ నడుమ ఏం రాస్తలేదు?"

కూర్చోబెట్టి, నీళ్లిచ్చి చెప్పాను. ఆమె తాగకుండానే గ్లాసు కింద పెట్టింది. మెల్లగా అంది. "యూరియా గురించి ఆమెతోని లొల్లి పెట్టుకున్న. తర్వాత తప్పయిందమ్మా అని రాసిన. అది కనబడలే. కోపమొచ్చి పక్కకు పెట్టిందనుకున్న."

"లేదమ్మా. అప్పటికే చూసే ఓపిక లేదేమో."

"గట్లనే అంటవా?"

అవునన్నాను. నిజం నాకూ తెలియదు. ఆమె ఎప్పుడు రాసిందో, ఆవిడ అది చదివారో లేదో చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. పుస్తకం ఇస్తే ఆమె మొదటి పేజీ తెరిచి నా ముందుకు తోసింది. "నా పేరు వద్దు. టీచరమ్మ పేరు రాసియ్యి." రాశాను. కింద నా సంతకం పెట్టాలో వద్దో తెలియక ఆగాను. "పెట్టు, పెట్టు," అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ.

బస్సు దాకా వెళ్లి ఆమెను ఎక్కించి వచ్చాను. ఆ వ్యాసం ఇంకా అక్కడే ఉంది. సంగతి తెలియని కొత్తవాళ్లు దాని మీద పడుతూనే ఉన్నారు. నిన్న జల్‌పల్లి నుంచి ఒకాయన రాశాడు, మిరప ఆకులు ముడుచుకుపోతున్నాయి, టీచరు గారిని అడిగి చెప్పండని. ఆవిడ లేరని రాశాను. మిరప సంగతి నాకు తెలియదని కూడా రాశాను. కాసేపట్లోనే జవాబు వచ్చింది. "అయ్యో. మరి ఇప్పుడు ఎవర్ని అడగాలె?"