చీలిక ఫిన్స్‌తో సముద్రం అడుగున

చిన్నప్పటినుంచీ మడిలో బురద తొక్కి అరిగిపోయిన మోకాళ్లు నావి. లేటు వయసులో నాకు డైవింగ్ పిచ్చి అంటించింది మా పెదనాన్న కూతురు. అక్క పుదుచ్చేరిలో నేర్చుకునొచ్చి, మా పక్కూరు కోట దగ్గర తీరంలో అడిగినవాళ్లకు నేర్పిస్తుంటుంది. ఆమె ఇచ్చిన మామూలు ఫిన్స్, అదే కాళ్లకు తొడిగే పొడుగాటి రెక్కలు, వేసుకుని తన్నితే మోకాలు ఊడిపోతుందేమో అన్నంత నొప్పి. ఇంకొక్కసారి ఇట్లయితే సముద్రం మాటే ఎత్తనని ఇంట్లో మాటిచ్చేసినా. ఇచ్చిన రోజు అన్నం సయించలేదు.

ఆఖరి ప్రయత్నంగా చీలిక ఫిన్స్ తెప్పించుకున్నా. రెక్క నడిమధ్యన నిలువునా సందు ఉంటుంది. తన్నినప్పుడు నీళ్లు అందులోంచి జారిపోతాయి, కాలిమీద బరువు పడదు. అక్క వాటిని అటూ ఇటూ తిప్పి మూతి విరిచింది.

"చినిగినవి ఏరి కొన్నావే అబ్బయ్యా. నీళ్లు ఎదురొస్తే ఇవి లాగవు. కప్పలాగా తన్నితే అసలు పలకవు. ఆ సందులో ఏదన్నా ఇరుక్కుంటే నన్నడగొద్దు."

"నా మోకాళ్లు నీకుంటే తెలిసేదిలే," అన్నా, ఒళ్లు మండి.

అక్క పడవలో కొంత దూరం పోయి ఇద్దరం నీళ్లలోకి దిగినాం. కాళ్లు ఊరికే ఆడిస్తుంటే ముందుకు పోతా ఉన్నా. మునిగిపోయిన పాత పడవ ఒకటి పచ్చటి నీళ్లలో మెల్లగా కనబడింది, దాని చుట్టూ వెండి రంగు చేపలు. మా పొలాలకు ఇంత దగ్గర్లో ఇదంతా ఉంటే, ఇన్నాళ్లూ నేను ఏం చూసి బతికినానా అనిపించింది.

అంతలో అక్క చెప్పిందే అయింది. పడవకు చుట్టుకున్న తెగిన వల నా ఎడమ ఫిన్ సందులో దూరింది. బుద్ధి ఎక్కడికి పోతుంది, మడిలో కాలు దిగబడితే చేసే పనే చేసినా. రెండో కాలు గట్టిగా ఊని మొదటిది పైకి లాగినా. రెండో ఫిన్ కూడా వలలో ఇరుక్కుంది.

అక్క కదలొద్దని చెయ్యి చూపించి, కత్తి తీసి ఒక్కో దారం కోయడం మొదలుపెట్టింది. కదలకుండా నిలబడినా కాబట్టే చూడగలిగినా. చాటంత తాబేలు ఒకటి మా పక్కనుంచి, మేం అక్కడ లేనట్టే, నిదానంగా రెక్కలాడించుకుంటా పోయింది. దాని కన్ను నా కంటికి అంత దగ్గరగా వచ్చింది. భయం ఎటుపోయిందో తెలియదు. కోస్తున్న అక్క చెయ్యి కూడా ఆగిపోయింది.

ఆఖరి దారం తెగినాక పైకొచ్చి, మేమొచ్చిన పడవ నిచ్చెన మీద కాలు పెట్టగానే మోకాలు కలుక్కుమంది. అప్పుడుగానీ తెలిసిరాలేదు, కింద ఉన్నంతసేపూ నాకు మోకాలు గుర్తే లేదని.

"ఏందిరా, నొప్పా? ఏడుస్తున్నావు?" అని చెయ్యి అందించింది అక్క.

"ఇంట్లో నువ్వే చెప్పక్కా," అన్నా, "నేను మళ్లీ వస్తానని."